పన్నెండు కిలోమీటర్ల వైర్‌లెస్ లింకు: లెక్క వేయడం నుంచి గురి కుదర్చడం దాకా

భీమవరంలో ఒక కార్యాలయం ఉందనీ, అక్కడికి 12 కిలోమీటర్ల దూరాన రొయ్యల చెరువుల గట్టు మీద ఒక షెడ్డు ఉందనీ అనుకుందాం. షెడ్డులోని కెమెరాల చిత్రాలు, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పరికరాల అంకెలు రాత్రీపగలూ కార్యాలయానికి చేరుతూ ఉండాలి. ఆ గట్టు దాకా ఫైబర్ రాలేదు, మొబైల్ సిగ్నల్ మీద ఆధారపడలేరు. ఇలాంటి చోట రెండు చివర్లా 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేసే రేడియోలను, ఒక్కోదానికి ఒక్కో డిష్‌ను బిగించి నేరుగా లింకు వేసుకోవచ్చు. ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఈ వ్యాసం చెబుతుంది. దూరం, ఎత్తులు మీవి వేరుగా ఉంటే అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

అవతలి నుంచి ఎంత సిగ్నల్ రావాలో టవర్ ఎక్కకముందే కాగితం మీద రాసుకోవాలి. ఈ పని మొత్తంలో నేను పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే. పైకి ఎక్కాక చేసేదంతా ఆ అంకెను వెతికి పట్టుకోవడం. అంకె తెలియకుండా ఎక్కినవారికి తెర మీద ఏదో ఒక సిగ్నల్ కనబడగానే పని పూర్తయినట్టే ఉంటుంది. నట్లు బిగించి దిగిపోతారు. ఆ లింకు ఎండ రోజుల్లో బాగానే నడిచి, గాలి మారిన మొదటి రాత్రే పడిపోతుంది.

మన డెల్టాకు ఈ విద్య కొత్తది కాదు. 2000ల దశకంలోనే బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో పశ్చిమ గోదావరి గ్రామాలను వైఫై ప్రమాణపు రేడియోలతో, ఎత్తైన టవర్లతో కలిపింది. తమిళనాడులోని తేని ప్రాంతంలో అరవింద్ కంటి ఆసుపత్రి ఇలాంటి లింకుల మీదుగానే పల్లెల్లోని రోగులను వైద్యులకు వీడియోలో చూపించింది. 2007లో వెనిజులాలో ఎర్మానో పియెత్రోసెమోలీ బృందం రెండు పర్వత శిఖరాల మధ్య 382 కిలోమీటర్ల వైఫై లింకు నడిపింది. అక్కడ ఎత్తును పర్వతాలే ఇచ్చాయి. డెల్టాలో కొండలు లేవు కాబట్టి ప్రతి మీటరు ఎత్తునూ మనమే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అందుకే మొదటి లెక్క ఎత్తుల గురించి.

దారిని చూసుకోవడం, ఎత్తు తేల్చడం

రెండు చోట్లకూ స్వయంగా వెళ్లి, ఫోన్‌లోని జీపీఎస్‌తో అక్షాంశ రేఖాంశాలను రాసుకోండి. గూగుల్ ఎర్త్‌లో ఆ రెండు బిందువులను గీతతో కలిపి, గీత పొడవునా నేల ఎత్తును చూపే పటాన్ని తెరవండి. డెల్టాలో అది దాదాపు చదునుగా కనబడుతుంది, కానీ దాన్ని చూసి ధైర్యపడకూడదు. ఇలాంటి ఎత్తు పటాలు కొబ్బరి తోటను గానీ, నిరుడు కట్టిన రైసు మిల్లును గానీ నమ్మకంగా చూపవు. గీత దాటే రోడ్ల దగ్గరికి బండి మీద వెళ్లి, దారిలోని చెట్లను, కట్టడాలను, సెల్ టవర్లను మీ కళ్లతో చూసి రాసుకోవాలి. ఉపగ్రహ చిత్రంలో తోటలు పడ్డ చోట్లన్నీ ముందే గుర్తు పెట్టుకుంటే ఆ తిరుగుడు ఒక పూటలో అయిపోతుంది.

అవతలి టవర్ కంటికి కనబడితే చాలనుకోవడం ఈ పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు. రేడియో తరంగం సన్నని గీతలా పోదు. రెండు చివర్ల మధ్య, నడుమ లావుగా ఉండే గుమ్మడి గింజ ఆకారంలో పరుచుకొని ప్రయాణిస్తుంది. దీన్ని ఫ్రెనెల్ మండలం అంటారు. ఈ మండలపు వ్యాసార్ధంలో కనీసం 60 శాతం మేర ఏ అడ్డూ ఉండకూడదు. వ్యాసార్ధాన్ని కనుక్కోవడానికి, అడ్డు ఉన్న చోటి నుంచి రెండు చివరలకూ ఉన్న దూరాలను కిలోమీటర్లలో గుణించి, ఆ లబ్ధాన్ని మొత్తం దూరం, గిగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ, ఈ రెండింటి లబ్ధంతో భాగించి, వచ్చినదాని వర్గమూలాన్ని 17.32తో గుణించాలి. జవాబు మీటర్లలో వస్తుంది. మన 12 కిలోమీటర్ల దారికి, 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర, నడిమధ్యన అది సుమారు 12.5 మీటర్లు, అందులో 60 శాతం 7.5 మీటర్లు.

భూమి వంపు దీనికి తోడవుతుంది. రెండు దూరాల లబ్ధాన్ని 17తో భాగిస్తే ఆ చోట నేల ఎంత ఉబ్బి ఉన్నట్టో మీటర్లలో తెలుస్తుంది. మామూలు వాతావరణంలో తరంగం కొద్దిగా కిందికి వంగుతుందన్న లెక్క ఆ 17లోనే కలిసి ఉంది. నడిమధ్యన 6ని 6తో గుణించి 17తో భాగిస్తే 2.1 మీటర్లు వస్తుంది. దారి మధ్యలోని కొబ్బరి చెట్లు 18 మీటర్లు ఉన్నాయనుకుంటే 18, 2.1, 7.5 కలిపి 27.6 మీటర్లు. చెట్లు పెరగడానికి మరో రెండు మీటర్లు, కొంచెం సందు వదిలితే 30. రెండు చివర్లా నేల ఒకే మట్టంలో ఉంది కాబట్టి రెండు డిష్‌లూ 30 మీటర్ల ఎత్తున ఉండాలి. నాలుగంతస్తుల భవనం మీద మాస్టు నిలిపితే పట్టణం వైపు ఖర్చు బాగా తగ్గుతుంది. గట్టు వైపు మాత్రం టవర్ తప్పదు.

నడుమ ఒక రిపీటర్ (సిగ్నల్‌ను అందుకొని ముందుకు పంపే రేడియో) పెట్టి రెండు ఆరు కిలోమీటర్ల లింకులుగా విడగొడితే టవర్ల ఎత్తు బాగా తగ్గుతుందని చాలామంది సలహా ఇస్తారు. లెక్క వేసి చూడండి. ఆరు కిలోమీటర్ల దారికి 60 శాతం వ్యాసార్ధం 5.3 మీటర్లు, భూమి ఉబ్బు అర మీటరు. అదే 18 మీటర్ల చెట్టు మీద నుంచి పోవడానికి ఇప్పుడు కూడా సుమారు 26 మీటర్లు కావాలి. నాలుగు మీటర్లు మిగిల్చుకోవడం కోసం మూడో టవరు, మూడో చోట కరెంటు, బ్యాటరీ, కాపలా మెడకు చుట్టుకుంటాయి. చదును నేల మీద ఎత్తును నిర్ణయించేది దూరం కన్నా చెట్లే. దారి మధ్యలో నిజంగా దాటలేని అడ్డు ఉంటే తప్ప రిపీటర్ జోలికి పోవద్దు.

చెరువుల సంగతి వేరే చూడాలి. నిశ్చలంగా ఉన్న నీటి మీద తరంగం అద్దం మీద వెలుతురులా ప్రతిఫలించి, నేరుగా వచ్చే తరంగాన్ని ఒక్కోసారి బలపరుస్తుంది, ఒక్కోసారి చంపేస్తుంది. ఇంత తక్కువ కోణంలో తగిలే తరంగానికి ధ్రువణం (తరంగం ఊగే దిశ) నిలువైనా అడ్డమైనా పెద్ద తేడా ఉండదు, కాబట్టి ధ్రువణం మార్చి తప్పించుకోలేరు. రెండు చివర్లూ ఒకే ఎత్తున ఉంటే ప్రతిఫలన బిందువు సరిగ్గా నడిమధ్యన పడుతుంది. అక్కడ ఉపగ్రహ చిత్రంలో ఏముందో చూడండి. కొబ్బరి తోట గానీ ఊరు గానీ ఉంటే ప్రతిఫలనం చెదిరిపోతుంది, అది మంచిదే. విశాలమైన చెరువు ఉంటే ఒక చివర ఎత్తు మార్చండి. ఒక వైపు 30, ఇంకో వైపు 36 మీటర్లు పెడితే ఆ బిందువు పొట్టి టవర్ వైపుకు అర కిలోమీటరుకు పైగా జరుగుతుంది. జరిగిన చోట తోట ఉందో లేదో చూసుకొని ఎత్తును ఖాయం చేయండి. మన లెక్కలోని ఎత్తుల దగ్గర ఒక చివర ఐదు మీటర్ల తేడాలోనే సిగ్నల్ శిఖరం నుంచి లోయకు పడగలదు. కాబట్టి టవర్ మీద డిష్‌ను మూడు నాలుగు మీటర్లు పైకీ కిందికీ జరిపే వీలు ముందే ఉంచుకోవడం తెలివైన పని.

రావలసిన సిగ్నల్ లెక్క

ఖాళీ జాగాలో నష్టం తెలుసుకోవడానికి 92.45కు, దూరపు లాగరిథమ్‌ను 20తో గుణించి ఒకసారి, ఫ్రీక్వెన్సీ లాగరిథమ్‌ను 20తో గుణించి ఇంకోసారి కలపాలి. 12 కిలోమీటర్లకు 21.6, 5.8 గిగాహెర్ట్జ్‌కు 15.3, మొత్తం 129.3 డీబీ (డెసిబెల్, సిగ్నల్ ఎన్ని రెట్లు పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత) నష్టం. డిష్ నుంచి వెలువడే బలాన్ని ఈఐఆర్‌పీ అంటారు. రేడియో శక్తికి డిష్ గెయిన్‌ను, అంటే శక్తిని ఒకే దిశకు మళ్లించి డిష్ ఇచ్చే పెంపును కలిపితే వచ్చేది అదే. ఇక్కడ 36 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పే శక్తి కొలత), అంటే 4 వాట్లను పట్టుకొని లెక్క వేస్తున్నాను. మన దేశంలో 2018 అక్టోబరులో కేంద్రం 5150–5350, 5470–5725, 5725–5875 మెగాహెర్ట్జ్ పట్టీలను లైసెన్సు అవసరం లేకుండా వాడుకోవడానికి తెరిచింది. శక్తి పరిమితులు పట్టీని బట్టి మారతాయి కనుక, మీరు ఎంచుకునే ఛానల్‌కు వర్తించే అంకెను ఆ ప్రకటనలోనే చూసి లెక్కలో వేసుకోండి. లైసెన్సు అక్కరలేదన్నది స్పెక్ట్రమ్‌కు సంబంధించిన మాట. పరికరానికి కేంద్ర టెలికాం శాఖలో వైర్‌లెస్ అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగపు ఆమోదం ఉండాలి. ఈ లింకు మీదుగా ఇతరులకు డబ్బు తీసుకొని ఇంటర్నెట్ అందించాలంటే ఐఎస్‌పీ (ఇంటర్నెట్ సేవాదారు) లైసెన్సు వేరే కావాలి. విమానాశ్రయం దగ్గర్లో టవర్ నిలపాలంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి ఎత్తు అనుమతి తీసుకోవాలి.

రెండు చివర్లా 30 డీబీఐ (డిష్ గెయిన్ కొలత) డిష్‌లు పెట్టారనుకుంటే, 36 నుంచి 129.3 తీసివేసి, అందుకునే డిష్ గెయిన్ 30 కలపండి. జవాబు మైనస్ 63.3 డీబీఎం. ఈ మైనస్ అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సిగ్నల్ బలం ఎక్కువ. కాగితం మీద పెద్దగా రాసుకోవలసిన అంకె ఇదే: మైనస్ 63.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. పరిమితి 36 అయినప్పుడు, 30 డీబీఐ డిష్‌తో రేడియో పంపవలసిన శక్తి 6 డీబీఎం, అంటే కేవలం 4 మిల్లీవాట్లు. రేడియోను 27 డీబీఎం దగ్గర వదిలేస్తే వెలువడేది 57 డీబీఎం, అంటే అర కిలోవాటు. అది చట్టవిరుద్ధం. పైగా చుట్టుపక్కల అందరి లింకులనూ పాడుచేస్తుంది, అధిక శక్తి దగ్గర రేడియో తన సిగ్నల్‌ను తానే వంకర చేసుకుంటుంది కూడా. పరిమితిలోనే ఉంటూ లింకును మెరుగుపరచుకోవడానికి ఉన్న దారి పెద్ద డిష్ పెట్టి శక్తి తగ్గించడం. పంపడంలో తేడా రాదు కానీ అందుకోవడంలో ప్రతి డీబీ మనకే మిగులుతుంది. 25 డీబీఐ డిష్‌లతో ఇదే లింకు మైనస్ 68 దగ్గర ఆగిపోతుంది.

తర్వాత రేడియో తయారీదారు ఇచ్చిన పట్టికలో, మీకు కావలసిన వేగానికి ఎంత సిగ్నల్ అవసరమో చూడండి. అక్కడ మైనస్ 75 అని ఉంటే మీ దగ్గర 12 డీబీ మిగులు ఉన్నట్టు. ఇంత దూరానికి 10 డీబీకి తగ్గితే నేను ఆ లింకును నమ్మను. శబ్దాన్ని, అంటే మన సిగ్నల్‌కు అడ్డుపడే అక్కరలేని రేడియో శక్తిని కూడా చూడాలి. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో మంచి రేడియో సొంత శబ్దం మైనస్ 95 దగ్గర ఉంటుంది. పట్టణంలో చుట్టూ ఉన్న రేడియోల వల్ల అది మైనస్ 85 దాకా లేచిందంటే, మీ మైనస్ 63కూ దానికీ తేడా 22 డీబీ మాత్రమే. 64-క్వామ్ (ఒక్కో సంకేతంలో ఎక్కువ సమాచారం ఇరికించే పద్ధతి) లాంటి పై వేగానికి సుమారు 25 కావాలి. కాబట్టి పట్టణపు డాబా మీద రేడియోను పెట్టి, స్పెక్ట్రమ్ స్కాన్ నడిపి, ఖాళీగా ఉన్న ఛానల్‌ను ముందే ఎంచుకోవాలి. పగలు చేసిన స్కాన్ చాలదు, అందరి ఇళ్లలో ఇంటర్నెట్ నడిచే రాత్రి వేళ మరోసారి చేయండి.

వాన గురించి భయం ఎక్కువే ఉంటుంది గానీ 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర కుండపోత కూడా మొత్తం మీద కొన్ని డీబీలకు మించి తినదు. ఆ మిగులు మీ దగ్గర ఉంది. అదే 60 గిగాహెర్ట్జ్ రేడియోలైతే వాన లేకపోయినా గాలిలోని ఆక్సిజనే కిలోమీటరుకు సుమారు 15 డీబీ మింగేస్తుంది. వాటిని ఈ దూరానికి ఎవరైనా అమ్మజూపితే వెనక్కి పంపండి.

నేల మీదే చేయవలసిన పనులు

రెండు రేడియోలనూ ఒకే గదిలో, డిష్‌లు లేకుండా, శక్తిని అట్టడుగుకు తగ్గించి కలపండి. దగ్గరి దూరంలో పూర్తి శక్తి పంపితే అందుకునే భాగం ఉక్కిరిబిక్కిరై తప్పుడు అంకెలు చూపిస్తుంది. రెండింటికీ ఒకే ఫర్మ్‌వేర్ (రేడియోను నడిపే సాఫ్ట్‌వేర్) వేయండి, దేశం దగ్గర ఇండియా ఎంచండి, ఐపీ చిరునామాలు, పేర్లు, డబ్ల్యూపీఏ2 సంకేతపదం పెట్టండి. ఛానల్‌ను మీరే నిర్ణయించి స్థిరంగా ఉంచండి, ఆటోలో వదలవద్దు. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే మొదలుపెట్టండి. వెడల్పును రెట్టింపు చేసిన ప్రతిసారీ 3 డీబీ మిగులు పోతుంది, ఎదురయ్యే శబ్దం కూడా పెరుగుతుంది. 5250–5350, 5470–5725 పట్టీల్లో రాడార్‌ను గుర్తించి ఛానల్ మార్చుకునే ఏర్పాటు రేడియోలో ఉంటుంది. అది ఎప్పుడు ఛానల్ మారుస్తుందో మీ చేతిలో ఉండదు కనుక పనికి వచ్చినంతవరకు 5725 పైన ఉండడం మేలు.

దూరం సెట్టింగ్‌ను మరచిపోయినవారి లింకులు చాలా ఉన్నాయి. మామూలు వైఫై పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌కూ అవతలి వైపు నుంచి అందిందన్న జవాబు రావాలి. తరంగం కిలోమీటరుకు 3.3 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, కాబట్టి 12 కిలోమీటర్లు వెళ్లి రావడానికే 80 మైక్రోసెకన్లు. రేడియో అంతసేపు ఆగకపోతే, అందిన ప్యాకెట్‌నే అందలేదనుకొని మళ్లీ మళ్లీ పంపుతుంది. అప్పుడు సిగ్నల్ చక్కగా కనబడుతూ వేగం మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. దూరాన్ని 13 కిలోమీటర్లుగా పెట్టండి. రెండు వైపులా ఒకే సంస్థ రేడియోలు ఉంటే, జవాబుల కోసం ఆగే పని తగ్గించే వాటి సొంత టీడీఎంఏ (పంపే సమయాన్ని రెండు వైపులకూ వంతులుగా పంచే) పద్ధతిని వాడండి.

గదిలో లింకు కుదిరాక రెండు లాప్‌టాప్‌ల మధ్య ఐపెర్ఫ్ (వేగం కొలిచే ప్రోగ్రాం) నడిపి వేగం చూసి రాసుకోండి. టవర్ మీద సమస్య వచ్చినప్పుడు లోపం పరికరాల్లోనిదా, దారిలోనిదా అన్నది ఆ అంకెను బట్టే తేలుతుంది. బయట వాడదగిన, కవచం ఉన్న కేట్6 కేబుల్‌నే తీసుకోండి. అది వంద మీటర్లు దాటకూడదు. కేబుల్ కింది చివర, ఇంట్లోకి రాకముందు, సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగుల వేళ ఎగసే కరెంటు నుంచి కాపాడే పరికరం) ఒకటి పెట్టి దాన్ని ఎర్త్‌కు కలపాలి.

టవర్, తాళ్లు, ఎర్త్

టవర్ పనిని అనుభవం ఉన్న ముఠాకే అప్పగించండి. మీరు అడగవలసినవి మాత్రం కొన్ని ఉన్నాయి. ఉప్పుగాలి తగిలే చోట కాబట్టి ఇనుమంతా వేడి పూత పూసిన గాల్వనైజ్డ్ రకం కావాలి, నట్లు బోల్టులతో సహా. లాగుడు తీగలు మూడు దిక్కులా సమాన కోణాల్లో, ఒకటికి మించిన అంచెల్లో ఉండాలి. గట్టు మట్టి మెత్తన కనుక యాంకర్లకు కాంక్రీటు దిమ్మెలు లోతుగా వేయాలి. టవర్ పడినా కరెంటు తీగల మీద పడనంత దూరంలో నిలపాలి. ఎర్త్ పిట్ నిరోధాన్ని మీ ఎదుట కొలిపించి, 10 ఓమ్‌ల లోపు ఉంటేనే ఒప్పుకోండి. పిడుగు కడ్డీ డిష్ కన్నా ఎత్తుగా ఉండాలి. తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు నెలలకు ముందే ఈ పని ముగిసేలా చూసుకోండి.

టవర్ ఊగడం గురించి ఒక మాట. 30 డీబీఐ డిష్ కిరణం వెడల్పు ఐదున్నర డిగ్రీల దాకా ఉంటుంది. గాలికి టవర్ ఒక డిగ్రీ మెలితిరిగితే ఫరవాలేదు, మూడు డిగ్రీలు తిరిగితే సగం సిగ్నల్ పోతుంది. ఇంకా పెద్ద డిష్ పెట్టాలన్న ఆశ కలిగినప్పుడు ఈ అంకెను గుర్తు తెచ్చుకోండి.

గురి కుదర్చడం

ఈ పనికి గాలి తక్కువగా ఉండే ఉదయం పూట మంచిది. మబ్బు పట్టిన రోజున ఎవరూ ఎక్కకూడదు. ఎక్కేవారికి నడుముకే కాక ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు కొక్కేలు ఉండాలి. కింద మరొకరు ఎప్పుడూ ఉండాలి. ప్రతి చివరా ఇద్దరేసి, మొత్తం నలుగురు ఉంటే పని సాఫీగా సాగుతుంది.

ఎక్కకముందే దిశను కనుక్కోండి. గూగుల్ ఎర్త్‌లో గీసిన గీత అవతలి బిందువు ఏ డిగ్రీలో ఉందో చెబుతుంది. అయస్కాంత సూది నిజమైన ఉత్తరానికి మన ప్రాంతంలో కొద్దిగానే తప్పుతుంది కాబట్టి ఆ దిద్దుబాటు పెద్ద సమస్య కాదు. అసలు సమస్య ఇనుప టవర్. దాని పక్కన దిక్సూచి గానీ, ఫోన్‌లోని దిక్సూచి గానీ ఇరవై డిగ్రీలు తప్పు చూపినా ఆశ్చర్యపోనక్కరలేదు. అందుకే ఆ గీత మీదే, రెండు మూడు కిలోమీటర్ల దూరంలో పటంలో స్పష్టంగా కనబడే గుర్తును ఎంచుకోండి. ఒక గుడి గోపురమో, నీళ్ల ట్యాంకో, మిల్లు పొగగొట్టమో ఏదైనా సరే. డిష్‌ను దాని మీదికి గురిపెడితే ఒకటి రెండు డిగ్రీల లోపు వచ్చేస్తారు. 12 కిలోమీటర్ల దగ్గర ఒక డిగ్రీ అంటే 200 మీటర్ల పైమాటే అయినా, ఐదున్నర డిగ్రీల కిరణంలో అది చిన్న తప్పే.

రెండు చివర్లూ ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి డిష్ నిటారుగా, అంటే సున్నా డిగ్రీల వాలుతో ఉండాలి. దాని వెనుక చిన్న మట్టం పెట్టి చూడండి. ఫీడ్ (డిష్ ముందుండి తరంగాన్ని పంపే, అందుకునే భాగం) పక్కకు ఉండే ఆఫ్‌సెట్ డిష్ అయితే అది చూసే దిశ, అది నిలబడిన దిశ వేరువేరుగా ఉంటాయి. తయారీదారు ఇచ్చిన స్కేలునే నమ్మండి. రెండు డిష్‌ల ధ్రువణమూ ఒకేలా ఉందో లేదో, ఫీడ్ మీది బాణం గుర్తులు రెండు వైపులా పైకే చూస్తున్నాయో లేదో కూడా ఎక్కే ముందే చూడాలి. శక్తిని తనంతట తానే మార్చుకునే సెట్టింగ్ ఉంటే దాన్ని ఆపేయండి. అది నడుస్తుండగా మీరు డిష్ తిప్పితే అంకె దేనివల్ల మారిందో మీకెప్పటికీ తెలియదు.

నలుగురూ ఫోన్ మీద మాట్లాడుకునే భాషను కూడా ముందే ఖాయం చేసుకోండి. ‘ఎడమ’, ‘కుడి’ అనవద్దు, ఎదురెదురుగా నిలబడినవారికి అవి తారుమారవుతాయి. ‘తూర్పుకు’, ‘పడమరకు’ అనండి. ‘పెరిగింది’, ‘తగ్గింది’ అనే మాటలు కూడా గందరగోళమే, ఎందుకంటే మైనస్ 70 నుంచి మైనస్ 63కు రావడాన్ని ఒకరు పెరగడం అంటారు, మరొకరు తగ్గడం అంటారు. ఉత్త అంకె చెబితే చాలు: ‘డెబ్భై’, ‘అరవై ఎనిమిది’, ‘అరవై అయిదు, ఆగు.’

ఇప్పుడు అసలు పని. రెండు డిష్‌లనూ గుర్తుల ప్రకారం పెట్టాక, ఒక చివర నట్లు బిగించి పూర్తిగా వదిలేయండి. రెండో చివర మాత్రమే కదపండి. రెండు చివర్లూ ఒకేసారి కదిపే ముఠాలకు సాయంత్రమైనా శిఖరం దొరకదు. కదిపే చివర కూడా ఒకసారికి ఒక అక్షమే: ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా. ఒక్కో డిగ్రీ తిప్పి, చేతులు తీసేసి, డిష్ ముందు నుంచి మనిషి తప్పుకొని, నాలుగైదు సెకన్లు ఆగి అంకె అడగండి. రేడియో తెర మీది అంకె వెంటనే మారదు. ఆగకుండా తిప్పేవారు శిఖరాన్ని దాటిపోయాక గాని తెలుసుకోరు.

అసలు సిగ్నలే రాకపోతే రెండు రేడియోల వెడల్పునూ 20 నుంచి 5 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. 6 డీబీ సున్నితత్వం వస్తుంది. మొదటి పట్టు దొరికాక మళ్లీ 20కి పెంచుకోవచ్చు.

పట్టు దొరికిన తర్వాతే ఓపిక కావాలి. ప్రతి డిష్‌కూ ప్రధాన కిరణానికి రెండు పక్కలా చిన్న పక్క కిరణాలు ఉంటాయి. వాటి బలం సుమారు 20 డీబీ తక్కువ. మీకు మైనస్ 83 దగ్గర ఒక చక్కని శిఖరం దొరికి, అటు తిప్పినా ఇటు తిప్పినా పడిపోతూ ఉంటే, అది ఒక చివర పక్క కిరణంలో చిక్కిందని అర్థం. కాగితం మీది మైనస్ 63 ఇక్కడే అక్కరకొస్తుంది. 20 డీబీ తేడా కంటికి కనబడుతోంది కాబట్టి మోసపోరు. ఆ శిఖరం నుంచి రెండు వైపులా పదిహేను డిగ్రీల దాకా తిప్పి చూడండి. ప్రధాన కిరణాన్ని చేరినప్పుడు వరుసగా చిన్నది, పెద్దది, చిన్నది అనే మూడు శిఖరాలు కనబడతాయి. నడుమది మీది. నిలువు అక్షంలోనూ ఇదే చేయాలి. పైకీ కిందికీ చూడకుండా వదిలేసేవారు ఎక్కువ కాబట్టి నిలువు పక్క కిరణంలో ఇరుక్కున్న లింకులు కూడా ఎక్కువే.

శిఖరం బల్లపరుపుగా ఉంటుంది. దాని మీద నిలబడి సరిగ్గా నడుమ ఎక్కడో కనుక్కోలేరు. అందుకని తూర్పుకు తిప్పుతూ, శిఖరం కన్నా 6 డీబీ పడిన చోట మాస్టు మీద మార్కర్‌తో గీత గీయండి. తర్వాత పడమరకు తిప్పుతూ 6 డీబీ పడిన చోట మరో గీత. ఆ రెండింటి నడుమ డిష్‌ను నిలపండి. నిలువుగానూ ఇంతే. తర్వాత ఈ చివర బిగించి, మొదటి చివర ఇదే చేయండి. మళ్లీ రెండో చివరకు వచ్చి ఇంకోసారి సరిచూడండి. సాధారణంగా రెండో విడతలో ఒకటి రెండు డీబీలే మెరుగవుతాయి, మూడో విడత అక్కరలేదు.

బోల్టులు బిగించేటప్పుడు డిష్ జరుగుతుంది. ఒకే బోల్టును చివరి దాకా బిగించకుండా, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగిస్తూ, ప్రతిసారీ అంకె వింటూ ఉండండి.

మైనస్ 63కు రెండు మూడు డీబీల లోపు వస్తే అంగీకరించవచ్చు. లెక్కలో లేని చిన్న నష్టాలు ఆ పాటి ఉంటాయి. ఐదారు తక్కువైతే కారణం వెతకాలి. అడ్డం, నిలువు ధ్రువణాల అంకెలను విడివిడిగా చూడండి. రెండూ సమానంగా తక్కువగా ఉంటే దారిలో ఏదో అడ్డు ఫ్రెనెల్ మండలాన్ని కోస్తోంది, లేదా నీటి ప్రతిఫలనం. డిష్‌ను మూడు మీటర్లు జరిపి చూస్తే ఏదో తేలుతుంది. ఒక ధ్రువణం మాత్రమే ఐదారు డీబీ వెనకబడితే లోపం దారిలో లేదు, కనెక్టర్‌లోనో ఫీడ్‌లోనో ఉంది. ఒక చివర చూపే అంకె, రెండో చివర చూపే అంకె వేరువేరుగా ఉంటే ముందుగా రెండు వైపులా పంపే శక్తి ఒకటేనా అని చూడండి. గురి తప్పితే రెండు అంకెలూ కలిసే పడతాయి.

పరీక్షలు, ఆ తర్వాత

వేగాన్ని ఇంటర్నెట్ స్పీడ్ టెస్టుతో కొలవకండి. అది మీ లింకును కాక మీ ఇంటర్నెట్ కనెక్షన్‌ను కొలుస్తుంది. రెండు చివర్లా లాప్‌టాప్‌లు పెట్టి ఐపెర్ఫ్‌తో రెండు దిశల్లోనూ పది నిమిషాల చొప్పున నడిపించి, గదిలో రాసుకున్న అంకెతో పోల్చండి. వెయ్యి పింగ్‌లు (అవతలి నుంచి జవాబు కోరే చిన్న సందేశాలు) పంపి ఎన్ని పోయాయో చూడండి. పింగ్ సమయం ఉండుండి ఎగసిపడుతుంటే అది మళ్లీ మళ్లీ పంపడాలకు గుర్తు. దూరం సెట్టింగ్‌ను, ఛానల్‌ను మళ్లీ చూసుకోండి.

ముఠాను వెంటనే పంపేయవద్దు. కనీసం ఒక రాత్రి సిగ్నల్ గ్రాఫ్‌ను నమోదు చేయనివ్వండి. తీరప్రాంతంలో పొద్దుగూకిన తర్వాత నుంచి తెల్లవారే దాకా, గాలి లేని రాత్రుల్లో, నీటి మీది చల్లని తేమ గాలి పొర తరంగాన్ని మామూలు కన్నా వేరుగా వంచుతుంది. పగలంతా మైనస్ 63 దగ్గర గీత గీసినట్టున్న గ్రాఫ్ తెల్లవారుజామున మైనస్ 70 దాకా ఊగితే, మీ 12 డీబీ మిగులు అందుకోసమే ఉంది. మైనస్ 75ను దాటి పడితే ఎత్తు మార్చడం గురించి ఆలోచించాలి, డిష్ మళ్లీ తిప్పడం వల్ల లాభం లేదు.

అంతా కుదిరాక డిష్ అంచు, బ్రాకెట్ల మీదుగా పెయింటుతో ఒక గీత గీయండి. తుపాను తర్వాత ఆ గీత రెండుగా విడిపోయి కనబడితే డిష్ కదిలిందని కింద నుంచి బైనాక్యులర్‌తోనే తెలుస్తుంది. కనెక్టర్ల మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు, దాని మీద ఎండకు ఆగే టేపు చుట్టి, కేబుల్ రేడియోలోకి వెళ్లే చోట నీరు కిందికి జారిపోయేలా ఒక వంపు వదలండి. ఖాయమైన సిగ్నల్ అంకెలు, ధ్రువణాల తేడా, ఛానల్, ఎత్తులు, తేదీ ఒక కాగితం మీద రాసి షెడ్డులోని స్విచ్ పెట్టె లోపల అతికించండి. లాగుడు తీగల బిగువును వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడండి. సిగ్నల్ నెలనెలా కొద్దికొద్దిగా దిగుతుంటే ముందు కనెక్టర్లలో నీరు చూడండి, తర్వాత దారిలోని కొబ్బరి తోట దగ్గరికి వెళ్లి చెట్లు ఎంత ఎదిగాయో కొలవండి. ఒక్కసారిగా పదీ ఇరవై డీబీ పడితే గురి తప్పినట్టే. అప్పుడు మళ్లీ ఆ కాగితం పట్టుకొనే టవర్ ఎక్కాలి.